చేరని మెయిలుకు జవాబుదారీ ఎవరు?

తాండూరులో నాపరాళ్ల బేరం ఫోన్‌లో కుదురుతుంది, ఫొటోలు వాట్సాప్‌లో తిరుగుతాయి. కొటేషన్, ఇన్‌వాయిస్, టెండరు కాగితం, బ్యాంకు పత్రం, జీఎస్టీ నోటీసు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మెయిల్ తప్పదు. వికారాబాద్‌లో ఆఫీసులకు పోయే కాగితాలదీ అదే దారి. అక్కడే గొడవ మొదలవుతుంది. “పంపినమన్నా, సెంట్‌లో చూపిస్తుంది చూడు” అని ఇటువైపు. “మాకైతే రాలే” అని అటువైపు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడకపోవచ్చు. ఆ మెయిల్ మధ్యలో ఏదో ఒక సర్వర్ క్యూలో పడి ఉండొచ్చు. అలాంటివి ఒకటి కాదు, వేలు పేరుకుంటే మంచి మెయిళ్లు కూడా వాటి వెనకే ఆగిపోతాయి.

క్యూ నిండిపోతే ఏం చేయాలని అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే: ఊడ్చేయండి. ఒక్క కమాండ్ చాలు, క్యూ ఖాళీ. కానీ అసలు ప్రశ్న ఊడ్చడం గురించి కాదు. చేరని మెయిల్‌ను ఎంతకాలం ఉంచుకోవాలి? చేరలేదని ఎవరికి చెప్పాలి? చెప్పకుండా పారేసే హక్కు ఎవరికైనా ఉందా? నలభై ఏళ్లకు పైగా మెయిల్ సర్వర్లు రాసినవాళ్లు, నడిపినవాళ్లు, చట్టాలు చేసినవాళ్లు ఈ మూడు ప్రశ్నలకు వేర్వేరు జవాబులిచ్చారు. వాటిని వరసగా చూస్తే తేలేది ఒకటే: కాదనేదేదో తీసుకోకముందే అనాలి, తీసుకున్నాక మాత్రం చప్పుడు చేయకుండా పారేయకూడదు.

తీసుకున్నవారిదే బాధ్యత

మెయిల్ రవాణాకు ఈనాటికీ పునాది 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ రాసిన ఎస్‌ఎంటీపీ నిబంధనలే. 2001లో ఒకసారి, 2008 అక్టోబరులో మరోసారి జాన్ క్లెన్సిన్ సంపాదకత్వంలో వాటిని తిరగరాశారు. పద్ధతి చాలా సాదాగా ఉంటుంది. ఒక సర్వర్ ఇంకో సర్వర్‌ను పలకరించి, ఎవరు పంపారో, ఎవరికి పంపారో చెప్పి మెయిల్ అప్పగిస్తుంది. అవతలి సర్వర్ మూడంకెల సంఖ్యతో జవాబిస్తుంది. అది 2తో మొదలైతే తీసుకున్నట్టు. 4తో మొదలైతే ఇప్పుడు వీలుకాదు, మళ్లీ రమ్మని. 5తో మొదలైతే ఇక రావద్దని.

మెయిల్ మొత్తం అందుకున్నాక 250 అని జవాబిచ్చిన క్షణం నుంచి బరువు చేతులు మారుతుంది. ఇకమీదట దాన్ని చేర్చడమో, చేర్చలేకపోతే పంపినవారికి ఆ మాట చెప్పడమో తీసుకున్న సర్వర్ పని. మెషిన్ ఆగిపోయిందనో, డిస్క్ నిండిందనో మెయిల్ పోగొట్టుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవు. అందుకే క్యూ ఉంటుంది. 4 జవాబు వచ్చిన మెయిల్‌ను డిస్క్ మీద భద్రంగా దాచి, మళ్లీ మళ్లీ ప్రయత్నించే చోటది.

ఈ నీతి కంప్యూటర్‌తో పుట్టింది కాదు. 1898 నాటి భారత తపాలా చట్టం చేరని ఉత్తరాల కోసమే కొన్ని సెక్షన్లు కేటాయించింది. ఉత్తరం అందకపోతే పంపినవారికి తిప్పి పంపాలి. పంపినవారి చిరునామా పైన లేకపోతే, గోప్యతకు కట్టుబడిన ఒక ఉద్యోగి దాన్ని తెరిచి, లోపల చిరునామా దొరుకుతుందేమో చూడాలి. రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసు అనే వ్యవస్థ నడిచిందే ఈ పని కోసం. ఆ పాత చట్టం పోయి, 2024 జూన్ 18 నుంచి 2023 నాటి తపాలా చట్టం అమల్లోకి వచ్చింది. ఉత్తరం అందలేదన్న కబురు పంపినవారికి చేరేదాకా పని పూర్తయినట్టు కాదన్నది ఆ పాత వ్యవస్థలో ఉన్న విలువ. మెయిల్ దాన్నే అందిపుచ్చుకుంది.

తేడా ఒకటుంది. తాండూరు పిన్‌కోడ్ 501141 బదులు వికారాబాద్ పిన్ 501101 రాసినా, కవరు మీద తాండూరు అన్న పేరు చూసి సార్టింగ్‌లో ఎవరో ఒకరు దారి మళ్లిస్తారు. సర్వర్‌కు ఆ ఊహ లేదు. చిరునామాలో ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే దానికి అది వేరే ఊరే.

క్యూ ఎందుకు నిండుతుంది

నిండిన క్యూలన్నీ ఒకేలా కనిపిస్తాయి గానీ కారణాలు వేరు. జాబితా చదవడం తెలిస్తే కారణం అక్కడే దొరుకుతుంది.

పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ ప్రోగ్రాంలో క్యూ జాబితా తెరిస్తే ఒక్కో మెయిల్‌కు రెండు మూడు వరుసలు ఉంటాయి. మొదట గుర్తింపు సంఖ్య, సైజు, వచ్చిన సమయం, పంపినవారి చిరునామా. కింద బ్రాకెట్లలో ఆగిపోయిన కారణం. ఆ కింద అందుకోవాల్సినవారి చిరునామా. అనుభవం ఉన్న అడ్మిన్ ఒక్కో మెయిల్‌ను చదవడు, నిలువు వరుసలను చూస్తాడు. పంపినవారి గడిలో ఒకే ఉద్యోగి చిరునామా వందలసార్లు కనిపిస్తే ఆ పాస్‌వర్డ్ దొంగల చేతిలో పడినట్టే. అకౌంట్స్ గుమస్తా అర్ధరాత్రి విదేశాలకు వేల మెయిళ్లు పంపడు కదా. పంపినవారి గడిలో మెయిలర్ డీమన్ అని వరసగా ఉంటే, అవి ఈ సర్వర్ స్వయంగా పుట్టించిన బౌన్స్‌లు, అంటే మీ మెయిల్ చేరలేదని చెప్పే తిరుగు కబుర్లు. అందుకునేవారి డొమైన్ అంతటా ఒకటే అయితే ఇబ్బంది అవతలివారిది, లేదా వారికి మనమీద నమ్మకం పోయింది. డొమైన్లు రకరకాలుగా ఉండి కారణం మాత్రం అన్నిచోట్లా కనెక్షన్ టైమ్ అవుట్ అని ఉంటే అవతల వెతకక్కర్లేదు. మన నెట్‌వర్క్‌లోనే 25వ నంబరు పోర్టుకు అడ్డం పడి ఉంటుంది. పోస్ట్‌ఫిక్స్‌తో వచ్చే క్యూషేప్ అనే పనిముట్టు ఇదే లెక్కను డొమైన్ల వారీగా, ఎన్ని నిమిషాల నుంచి ఆగి ఉన్నాయో చూపిస్తూ పట్టిక వేసి ఇస్తుంది.

కారణాల్లో చిన్నగా కనిపించే పెద్దది తప్పు చిరునామా. జీమెయిల్ స్పెల్లింగులో రెండక్షరాలు తారుమారైతే ఆ పేరుతో వేరే డొమైన్ ఉండొచ్చు, దానికి మెయిల్ సర్వర్ మాత్రం ఉండకపోవచ్చు. అప్పుడు 5 జవాబు చెప్పేవారే ఉండరు. మన సర్వర్ తలుపు కొడుతూనే ఉంటుంది. మాకు మెయిల్ వద్దు అని డొమైన్ యజమాని ముందే ప్రకటించే వీలును 2015 జూన్‌లో నిబంధనల్లో చేర్చారు. ఆ ప్రకటన ఉంటే మెయిల్ క్యూలో నానకుండా వెంటనే తిరిగొస్తుంది. ఆ ప్రకటన పెట్టని డొమైన్లతోనే చిక్కు.

అవతలివారు కావాలని నెమ్మదింపజేయడం ఇంకో కారణం. గ్రేలిస్టింగ్ అనే పద్ధతిని 2003లో ఎవాన్ హారిస్ ప్రతిపాదించాడు. ముక్కూమొహం తెలియని సర్వర్ మొదటిసారి వస్తే 4 జవాబిచ్చి తర్వాత రమ్మనడం. అసలైన సర్వర్ క్యూలో పెట్టుకుని మళ్లీ వస్తుంది, అప్పటి స్పామర్ల ప్రోగ్రాములకు అంత ఓపిక లేదు. క్యూ ఉందన్న నమ్మకం మీదే నిలబడ్డ కాపలా ఇది. 2024 ఫిబ్రవరిలో గూగుల్, యాహూ కొత్త షరతులు పెట్టాయి. జీమెయిల్‌కు రోజుకు 5,000కు మించి పంపేవారు ఎస్‌పీఎఫ్, డీకేఐఎం, డీమార్క్ అనే మూడు ధ్రువీకరణలూ పెట్టుకోవాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం దాటకూడదు. పాటించనివారికి గూగుల్ ముందు కొన్ని మెయిళ్లకు 4 జవాబులిచ్చి, ఏప్రిల్ నుంచి 5 జవాబుల్లోకి దిగింది. ఆ 4 జవాబులు హెచ్చరికలు. క్యూ చూసే అలవాటున్నవారు ఫిబ్రవరిలోనే మేల్కొన్నారు, లేనివారికి మెయిళ్లు తిరిగొచ్చాకే తెలిసింది.

ఎన్నిసార్లు తలుపు తట్టాలి

2008 నిబంధనలు రెండు అంకెలు చెబుతాయి. ఒక ప్రయత్నానికీ ఇంకో ప్రయత్నానికీ మధ్య కనీసం అరగంట ఉండాలి, ఆశ వదులుకోవడానికి ముందు కనీసం నాలుగైదు రోజులు చూడాలి. ఈ విషయంలో సర్వర్లు రాసినవారు మాత్రం ఒక్కొక్కరూ ఒక్కో దారి పట్టారు.

ఎరిక్ ఆల్‌మన్ రాసిన సెండ్‌మెయిల్ 1983లో బీఎస్‌డీ యూనిక్స్‌తో బయటికొచ్చింది. దాని అలవాటు 5 రోజులు, కానీ 4 గంటలు దాటగానే మెయిల్ ఇంకా చేరలేదు, ప్రయత్నిస్తున్నామని పంపినవారికి ఒక కబురు పెడుతుంది. డేనియల్ బెర్న్‌స్టీన్ రాసిన క్యూమెయిల్ 7 రోజులు ఉంచుతుంది గానీ ఎడం పెంచుకుంటూ పోతుంది. మొదటి విరామం 400 సెకన్లు. మెయిల్ పాతబడేకొద్దీ విరామాలు పొడవవుతాయి. లెక్కేస్తే వారంలో దాదాపు 39 ప్రయత్నాలు. 1995లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో ఫిలిప్ హేజెల్ మొదలుపెట్టిన ఎగ్జిమ్ రెండు గంటలపాటు 15 నిమిషాలకోసారి, తర్వాత 16 గంటలదాకా ఎడం పెంచుతూ, ఆపై 4 రోజులదాకా 6 గంటలకోసారి వెళ్తుంది. 1998 చివర్లో ఐబీఎం పరిశోధనశాల నుంచి వీట్సె వెనెమా విడుదల చేసిన పోస్ట్‌ఫిక్స్ 5 నిమిషాలతో మొదలుపెట్టి విరామాన్ని రెట్టింపు చేసుకుంటూ 4,000 సెకన్ల దగ్గర, అంటే గంటా ఏడు నిమిషాల దగ్గర ఆగుతుంది. అలా 5 రోజులంటే ఒక్కో మెయిల్‌కు 110 ప్రయత్నాలు దాటతాయి.

ఒక మెయిల్‌కు 110 పెద్ద లెక్క కాదు. పాస్‌వర్డ్ దొంగిలించినవాడు 10,000 మెయిళ్లు వదిలితే, అవన్నీ 4 జవాబుల్లో చిక్కుకుంటే 11 లక్షల ప్రయత్నాలు. ఒక్కో ప్రయత్నం సమాధానం లేని చోట అరనిమిషం వేచి చూస్తే ఆ వరసలో నిలబడ్డ తాండూరు వ్యాపారి ఇన్‌వాయిస్ ఎప్పటికి కదులుతుంది? పోస్ట్‌ఫిక్స్ కొత్త మెయిల్‌కూ ఆగిపోయిన మెయిల్‌కూ వేర్వేరు క్యూలు పెట్టింది ఇందుకే. పనిలో ఉన్న క్యూలో ఒకేసారి 20,000కు మించి ఉండనివ్వదు. ఆ వేర్పాటు ఉన్నా, ఆగిపోయినవి పదేపదే లోపలికొస్తుంటే కొత్తవాటికి చోటు తగ్గుతుంది. పైగా ప్రతి మెయిల్ డిస్క్ మీద ఒక ఫైలు. జాగా మిగిలి ఉన్నా ఫైళ్ల సంఖ్యకు ఉన్న పరిమితి నిండి సర్వర్ ఆగిపోవడం చిన్న సర్వర్లలో కొత్తేమీ కాదు.

ఇంకో దురలవాటు గురించి చెప్పాలి. క్యూ కదలట్లేదని మాటిమాటికీ మొత్తాన్ని బలవంతంగా తోయడం. చేరని మెయిళ్లను తరచుగా తోస్తే మిగతా మెయిళ్లు ఆలస్యమవుతాయని పోస్ట్‌ఫిక్స్ సూచనల్లోనే హెచ్చరిక ఉంది. కారణం పోకుండా తొయ్యడం వల్ల లాభం లేదు.

కాలం తగ్గించాలన్న వాదం కూడా బలంగా ఉంది. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఛేంజ్ మామూలుగా 2 రోజులకే చేతులెత్తేసి, 4 గంటలకు ఆలస్యం కబురు పెడుతుంది. 1982లో కంప్యూటర్లు రోజుల తరబడి ఆగిపోయేవి, ఐదు రోజుల ఓపిక అప్పటి అవసరం. టెండరు గడువు రేపు సాయంత్రం అయినప్పుడు ఐదో రోజున వచ్చే బౌన్స్ ఎవరికి పనికొస్తుంది? కాబట్టి ప్రయత్నించే కాలాన్ని తగ్గించడం కంటే, చేరలేదన్న కబురు గంటల్లో వెళ్లేలా చూడటమే మేలు. పోస్ట్‌ఫిక్స్‌లో ఆ ఆలస్యం కబురు మొదట ఆపేసి ఉంటుంది, అడ్మిన్ దాన్ని తెరుచుకోవాలి. చాలామంది తెరవరు.

కబురు చెప్పడమే నేరమైన రోజులు

చేరకపోతే పంపినవారికి చెప్పాలన్న నియమానికి స్పామ్ గండి కొట్టింది. పంపినవారి చిరునామాను ఎవరైనా ఎలాగైనా రాసుకోవచ్చన్నది ఎస్‌ఎంటీపీలోని పాత లొసుగు. స్పామర్ ఎవరిదో చిరునామా పెట్టి, లేని ఉద్యోగి పేరుకు మెయిల్ పంపుతాడు. సర్వర్ ముందు తీసుకుని, తర్వాత ఆ పేరువారు లేరని గ్రహించి, నిజాయితీగా బౌన్స్ పంపుతుంది. అది ఏ పాపమూ ఎరగని మూడోవారి ఇన్‌బాక్స్‌లో పడుతుంది. ఆ చిరునామా కూడా దొంగదైతే బౌన్స్ చేరదు, మన క్యూలోనే నిలిచిపోతుంది. బౌన్స్‌కు మళ్లీ బౌన్స్ పుట్టి అంతులేకుండా తిరగకూడదని బౌన్స్ మెయిల్‌లో పంపినవారి గడిని ఖాళీగా ఉంచాలన్న నియమం ఉంది. దానివల్ల చక్రం ఆగింది గానీ క్యూ ఆగలేదు.

ఇక్కడే రెండు దారులయ్యాయి. 1998 నాటి క్యూమెయిల్ మూలరూపం అందరివీ తీసుకుని, ఉద్యోగి ఉన్నాడో లేడో తర్వాత చూసేది. భద్రత దృష్ట్యా పనులను విడివిడిగా ఉంచడం దాని రచనాపద్ధతి. స్పామ్ పెరిగాక అలాంటి సర్వర్లే అమాయకుల మీద బౌన్స్‌లు కుమ్మరించే యంత్రాలయ్యాయి, నల్లజాబితాలకెక్కాయి. పోస్ట్‌ఫిక్స్, ఎగ్జిమ్ వంటివి ఎవరికి పంపారో చెప్పే దశలోనే పేరు సరిచూసి, అక్కడికక్కడే 550 చెప్పి పంపేయడం నేర్చుకున్నాయి. అప్పుడు మన క్యూలోకి ఏమీ రాదు. చెప్పాల్సిన బాధ్యత అవతలి సర్వర్ దగ్గరే ఉండిపోతుంది. అది అసలైన సర్వర్ అయితే తన మనిషికి తానే చెబుతుంది, స్పామర్ ప్రోగ్రాం అయితే ఊరుకుంటుంది. నియమమూ నిలిచింది, అమాయకుడూ బతికాడు. ఈ మొత్తం చర్చలో ఇంత శుభ్రమైన పరిష్కారం మరొకటి లేదు.

మూడో దారి మౌనం. స్పామ్ అనిపిస్తే 250 అని తీసుకుని, ఎవరికీ చెప్పకుండా పారేయడం. హానికరమని గట్టి నమ్మకం ఉన్నప్పుడు దీన్ని నిబంధనలే అనుమతిస్తాయి. కానీ వడపోత యంత్రానికి కలిగిన అనుమానం గట్టి నమ్మకం కాదు. పొరపాటున పారేసిన కొటేషన్‌కు బౌన్స్ రాదు, ఇన్‌బాక్స్‌లో జాడ ఉండదు, స్పామ్ పెట్టెలోనూ దొరకదు. కనీసం స్పామ్ పెట్టెలో పడేస్తే వెతుక్కునే దారైనా ఉంటుంది. క్యూ శుభ్రంగా కనిపించాలన్న ఆత్రంలో మౌనాన్ని ఎంచుకున్న సర్వర్, కిక్కిరిసిన సర్వర్ కంటే ప్రమాదం.

క్యూలు కిక్కిరిసిన రోజులు

1999 మార్చి 26న మెలిస్సా వైరస్ బయటపడింది. తెరిచినవారి అవుట్‌లుక్ చిరునామా పుస్తకంలోని మొదటి 50 మందికి తనను తాను పంపుకునేది. 2000 మే 4న వచ్చిన ఐ లవ్ యూ పురుగు ఆ చిరునామా పుస్తకంలో ఎందరుంటే అందరికీ వెళ్లేది. ఆ రోజుల్లో పెద్దపెద్ద సంస్థలు, అమెరికా రక్షణశాఖ, బ్రిటన్ పార్లమెంటు కూడా తమ మెయిల్ వ్యవస్థలను కొంతసేపు మూసుకోవాల్సి వచ్చింది. ఈ రెంటిలో ఫైళ్లకు జరిగిన నష్టంతో పాటు గొంతు నొక్కింది క్యూలే.

2022 జనవరి 1 కథ వేరు. ఆ రోజు వైరస్ లేదు, దాడి లేదు. ప్రపంచమంతటా సంస్థలు సొంతంగా నడుపుకునే ఎక్స్‌ఛేంజ్ 2016, 2019 సర్వర్లలో మెయిళ్లు క్యూలో నిలిచిపోయాయి. కారణం ఒక సంఖ్య. లోపలి వైరస్ తనిఖీ యంత్రం తన కొత్త సమాచారానికి తేదీతో గుర్తు పెట్టుకునేది: ఏడాదికి 22, నెలకు 01, రోజుకు 01, ఆ తర్వాత 0001. కలిపి చదివితే 220 కోట్ల 10 లక్షల 10 వేల 1. ఆ సంఖ్యను దాచుకునే గడిలో పట్టే అతిపెద్ద సంఖ్య 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. డిసెంబరు 31 దాకా 211 కోట్ల చిల్లర కాబట్టి పట్టింది, ఏడాది మారగానే పొంగిపోయింది. తనిఖీ యంత్రం కూలింది, తనిఖీ కాని మెయిల్ కదలలేదు. సవరణ చేసే స్క్రిప్ట్‌ను మైక్రోసాఫ్ట్ విడుదల చేశాక క్యూలు నెమ్మదిగా ఖాళీ అయ్యాయి.

ఆ రోజు ఎవరైనా అడ్మిన్ కంగారుపడి క్యూ మొత్తం ఊడ్చి ఉంటే? పోయేవన్నీ మంచి మెయిళ్లే. ఆపి చూసినవారికి ఒక్క మెయిల్ కూడా పోలేదు, ఆలస్యం మాత్రమే అయింది. క్యూ నిండటం అప్పుడు వ్యవస్థ తన మాట నిలబెట్టుకుంటున్నదనడానికి గుర్తు.

చట్టం ఏమంటుంది

మెయిల్ ఎప్పుడు పంపినట్టు, ఎప్పుడు అందినట్టు అన్న ప్రశ్నకు 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 13వ సెక్షన్ జవాబు చెబుతుంది. వేరే ఒప్పందం లేకపోతే, పంపినవారి అదుపులో లేని కంప్యూటర్ వ్యవస్థలోకి ప్రవేశించినప్పుడు పంపినట్టు. అందుకునేవారు ఫలానా చిరునామాకే పంపమని చెప్పి ఉంటే, ఆ వ్యవస్థలోకి చేరినప్పుడు అందినట్టు. సొంత సర్వర్ నడుపుకునే సంస్థ మెయిల్ తన క్యూలోనే చిక్కుకుంటే, ఆ మాట ప్రకారం అది ఇంకా గడప దాటనట్టే. తెరమీద సెంట్ అని ఎంత మెరిసినా అంతే. అద్దె హోస్టింగ్ సర్వర్‌లో చిక్కుకుంటే అది ఎవరి అదుపులో ఉన్నట్టన్నది వాదించుకోదగ్గ ప్రశ్న. 12వ సెక్షన్ ఇంకో వీలు ఇస్తుంది: రసీదు అందితేనే కట్టుబడి ఉంటానని ముందే షరతు పెడితే, రసీదు రానంతవరకు ఆ మెయిల్ పంపనట్టే లెక్క.

వస్తు సేవల పన్ను చట్టం 169వ సెక్షన్ రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన మెయిల్ చిరునామాకు పంపడాన్ని నోటీసు అందజేసే మార్గాల్లో ఒకటిగా గుర్తిస్తుంది. రిజిస్ట్రేషన్ రోజున ట్యాక్స్ కన్సల్టెంట్ తన మెయిల్ ఇచ్చేసిన వ్యాపారులు, ఆయన మారాక ఆ చిరునామా మార్చుకోనివారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

చేరని మెయిల్ గురించి అన్నిటికంటే స్పష్టంగా మాట్లాడేవి 2014 నాటి కంపెనీల యాజమాన్య నిబంధనలు. వాటిలో 18వ నియమం ప్రకారం, సమావేశం నోటీసులు మెయిల్‌లో పంపే కంపెనీ ఎవరెవరికి పంపిందో, ఏవి విఫలమయ్యాయో, మళ్లీ ఎప్పుడు పంపిందో రికార్డు ఉంచుకోవాలి. పంపినట్టు అదే సాక్ష్యం. అంటే కంపెనీలకు బౌన్స్ చెత్త కాదు, దస్తావేజు. చిన్న వ్యాపారికి ఈ నిబంధన వర్తించకపోయినా బుద్ధి మాత్రం వర్తిస్తుంది.

గోప్యత సంగతి కూడా ఉంది. క్యూలో ఆగిన మెయిల్‌ను అడ్మిన్ తెరిచి చదవగలడు, కారణం తెలుసుకోవడానికి అప్పుడప్పుడు తెరవక తప్పదు. ఒప్పందాన్ని మీరి, నష్టం కలిగించే ఉద్దేశంతో వ్యక్తిగత సమాచారం బయటపెడితే సమాచార సాంకేతిక చట్టం 72ఏ సెక్షన్ కింద శిక్ష ఉంది. మామూలుగా పై వివరాలు చూస్తే సరిపోతుంది, లోపలి విషయం చదవనక్కర్లేదు.

చిరునామా తెలుగులో ఉంటే

మెయిల్ లోపల, సబ్జెక్టులో తెలుగు రాస్తే రవాణాకు ఏ ఇబ్బందీ లేదు. చిరునామానే తెలుగులో ఉంటే కథ మారుతుంది. చివర భారత్ అని తెలుగు లిపిలో ఉండే డొమైన్లు ఉన్నాయి. తెలుగు లాంటి లిపుల్లో పూర్తి మెయిల్ చిరునామాకు నిబంధనలు 2012 ఫిబ్రవరిలో వచ్చాయి. జీమెయిల్ 2014లో, పోస్ట్‌ఫిక్స్ 2015లో వాటిని అందుకున్నాయి. దారిలో ఏ సర్వర్‌కైనా ఆ శక్తి లేకపోతే మెయిల్‌ను మార్చి పంపడానికి వీల్లేదు, తిప్పి పంపాల్సిందే. ఐదు రోజులు నానకుండా వెంటనే తిరిగి రావడం వరకు మేలే.

తెలుగు లాంటి లిపులకు ఉన్న చిక్కు ఇంకోటి ఉంది. పొల్లు తర్వాత అక్షరాలు కలిసిపోకుండా కీబోర్డులు ఒక అదృశ్య గుర్తును చొప్పిస్తాయి. కంటికి కనిపించని ఆ గుర్తు సర్వర్‌కు మాత్రం ఒక అక్షరమే. ఒకే పేరును ఇద్దరు రెండు కీబోర్డుల్లో కొడితే, గుర్తు పడినదొకటి, పడనిదొకటి, రెండు వేర్వేరు చిరునామాలు కావొచ్చు. బౌన్స్ వచ్చినా తప్పెక్కడుందో కంటితో పట్టుకోలేం. తెలుగు చిరునామాలు ఇచ్చేవారు ఒకే పేరుకు వచ్చే ఇలాంటి రూపాలన్నిటినీ ఒకే పెట్టెకు కలపకపోతే, భాషాభిమానంతో తీసుకున్న చిరునామా వ్యాపారానికి పనికిరాదు.

చిన్న సంస్థకు పనికొచ్చేది

వికారాబాద్, తాండూరుల్లో చిన్న సంస్థలకు సొంత సర్వర్ అవసరం లేదు. అద్దె సేవ తీసుకునేటప్పుడు జాగా ఎన్ని జీబీ అని అడగడం కంటే మూడు ప్రశ్నలు ముఖ్యం. లేని పేరుకు వచ్చిన మెయిల్‌ను తీసుకోకముందే కాదంటారా? చేరని మెయిల్ కబురు ఎన్ని గంటల్లో చెబుతారు? పంపిన మెయిల్ లాగ్‌ను మేం చూసుకోవచ్చా? పలువురు పంచుకునే హోస్టింగ్‌లో పక్కవారి పాస్‌వర్డ్ పోతే సర్వర్ మొత్తం నల్లజాబితాకెక్కి మన మెయిళ్లూ ఆగుతాయి. ఒక్కో ఖాతా గంటకు ఎన్ని పంపొచ్చో పరిమితి పెట్టారా అన్నది నాలుగో ప్రశ్న.

సర్వర్ నడిపేవారికి వరస ఇది. క్యూ పెరిగితే ముందు కొత్త స్పామ్ పుట్టే చోటు మూయాలి: పాస్‌వర్డ్ మార్చాలి, ఆ ఖాతాను ఆపాలి. అనుమానం ఉన్నవాటిని తీసేయకుండా హోల్డ్‌లో పెట్టాలి. అప్పుడు మిగతావి కదులుతాయి, ఆధారాలూ ఉంటాయి. నిలువు వరుసలు చదివి కారణం తేల్చాలి. దొంగ ఖాతా నుంచి పుట్టినవి, చేరని బౌన్స్‌లు మాత్రమే ఎంచి తీసేయాలి. అన్నీ అని చెప్పే కమాండ్ చేతిలో ఉన్నంతమాత్రాన వాడాలని లేదు. బౌన్స్‌ల ఆయుష్షును మామూలు మెయిల్ కంటే తగ్గించి పెట్టుకోవచ్చు, పోస్ట్‌ఫిక్స్‌లో ఆ రెంటికీ వేర్వేరు గడువులు ఉన్నాయి. చివరగా, 5 జవాబుతో తిరిగొచ్చిన చిరునామాలను కస్టమర్ల జాబితా నుంచి కొట్టేయాలి. పండగ శుభాకాంక్షలు ఏటా అదే చచ్చిన చిరునామాలకు పంపే సంస్థ, ఏటా తన పరపతిని తానే కొంత తగ్గించుకుంటుంది.

ఈ ప్రశ్న మీద వచ్చిన జవాబులన్నీ తూచి చూస్తే, గడువు 2 రోజులా 7 రోజులా అన్నది చిన్న తేడా. తీసుకోకముందే కాదనడం, తీసుకున్నాక చేర్చడం, చేర్చలేకపోతే గంటల్లో చెప్పడం, ఈ మూడూ చేసే సర్వర్ క్యూ అప్పుడప్పుడు నిండినా ఎవరికీ నష్టం లేదు. వీటిలో మూడోదాన్నే సేవలమ్మేవారు తేలిగ్గా వదిలేస్తున్నారు, ఎందుకంటే అడిగేవారు లేరు. మెయిల్‌తో డబ్బు, గడువు, నోటీసు ముడిపడ్డ ప్రతి వ్యాపారీ దాన్ని ఒప్పందంలో రాయించుకోవాలి.